రాళ్లు ఏరినవాళ్ల చేను

మా నాయన ఫోన్ చేసి "బడికి సెలవు పెట్టి రా" అన్నాడంటే విషయం రెండింట్లో ఒకటై ఉంటుంది. ఆవు ఈనబోతూ ఉంటుంది, లేదా ఇంటికి కాగితం వచ్చి ఉంటుంది. ఆవు కిందటి నెలలోనే ఈనింది కాబట్టి ఈసారి కాగితమే అనుకుంటూ కొత్తచెరువులో బస్సెక్కాను. ముదిగుబ్బలో దిగి, గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒకాయన పక్కన ఇరుక్కుని షేర్ ఆటోలో మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది.

ఆయనకు చదవడం రాక నన్ను పిలుస్తాడనుకునేరు. డెబ్బై నాలుగేళ్ల వయసులో కళ్లద్దాలు లేకుండా పేపరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదువుతాడు. సర్కారు కాగితం మాత్రం ఇంకొకరు చదివి చెప్తే తప్ప నమ్మడు. ఆ ఇంకొకరు నేనే అయి ఉండాలి. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్తున్నాను కదా, ప్రభుత్వం నా మాట వింటుందని ఆయన గట్టి నమ్మకం.

వచ్చింది రీసర్వే నోటీసు. మా ఊరి భూములన్నీ కొత్తగా కొలిచారు. పైన డ్రోన్ ఎగిరింది, కింద సర్వేయర్లు పొడుగాటి కర్రకు యంత్రం బిగించుకొని చేని గట్లు, అదే గెనిమల వెంబడి తిరిగారు. కొలత అయ్యాక ఏ చేను ఎవరిదో తేల్చి కొత్త పాస్‌బుక్కులు ఇస్తారు. మాకు మిట్ట మీద నాలుగెకరాల చేను కాగితాల్లో ఉంది, మా తాత పేరు మీద. కాగితాల్లోనే ఉంది. దాన్ని నా ఎరుకలో ఏనాడూ మేం దున్నలేదు. మిట్టకు అవతల ఉన్న సుగాలి తండాలోని ఒక ముసలమ్మ దున్నుకుంటోంది. ఆమెకు ముందు ఆమె అత్త, ఆ అత్తకు ముందు ఆవిడ అత్త. ఇప్పుడా ముసలమ్మ అభ్యంతరం పెట్టింది. గురువారం డిప్యూటీ తహసీల్దారు చేని దగ్గరికే వచ్చి విచారిస్తారని నోటీసు.

చదివి వినిపించాను. నాయన మంచం మీద మఠం వేసుకొని కూర్చుని, రెండోసారి చదవమన్నాడు. చదివాను.

"ఆయమ్మ మింద నాకేం కోపం ల్యా," అన్నాడు చివరికి. "దున్నుకోనీ. సచ్చేదాంకా దున్నుకోనీ. ఎవడన్నా అడ్డమొస్తే నేనే పోయి నిలబడ్తా. పేరు మాత్రం మా నాయనదే ఉండల్ల."

"ఆయమ్మ పోయినాక?"

"కోడలు దున్నుకుంటాది."

"నువ్వు పోయినాక?"

నాయన నా చేతిలోంచి నోటీసు లాక్కుని మడిచాడు. మిట్ట అంచుదాకా అప్పటికే సోలార్ పలకలు వచ్చేశాయి. వాటికి నేల కావాల్సినవాళ్లు కాగితంలో పేరున్న మనిషి సంతకం అడుగుతారు, దున్నే మనిషిని అడగరు. నాయన ఉన్నన్నాళ్లూ పెట్టడు, నిజమే. ఆయన తర్వాత మా పెదనాయన కొడుకులు ఉన్నారు, చిన్నాయన కొడుకులు ఉన్నారు, వాళ్లలో ఎవరి చేతికి పెన్ను దొరుకుతుందో ఎవరు చెప్పగలరు. కొత్త పాస్‌బుక్కు తాత పేరున ఒకసారి వచ్చిందంటే ఆ అత్తాకోడళ్లు ఇద్దరూ వేరేవాళ్ల దయ మీద బతకాల్సిందే. మొగుడూ కొడుకూ పోయాక వాళ్లకు మిగిలింది ఆ చేనొక్కటే.

ఇదంతా నేను గట్టిగానే చెప్పాను. నాకు నెమ్మదిగా చెప్పడం చేతకాదు, పిల్లలకు అరిచి అరిచి అలవాటైపోయింది. నాయన మొహం ఎర్రబడింది.

"అంటే మా నాయన దొంగరాత రాసుకున్న్యాడంటావా?"

"అంటాను నాయనా."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పశువుల కొట్టంలోకి పోయాడు. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సి వస్తే ఆవుతో చెప్పాడు. "ఇంట్లో ఉప్పు అయిపోయిందంట, ఎవరన్నా తెస్తారేమో చూడు" అని ఆవుకు చెప్పడం నేను చెవులారా విన్నాను.

తాత రాసుకున్న సంగతి మా ఇంట్లో రహస్యమేమీ కాదు. ఒక కరువేడు తండా తండా అంతా మూటలు కట్టుకొని కర్ణాటక వైపు పనులకు పోయింది. సరిగ్గా అప్పుడే కొలతలవాళ్లు ఊరికి వచ్చారు. మిట్ట ఎవరిదని అడిగితే చెప్పేవాడు తాత ఒక్కడే. మాదే అన్నాడు. మా అవ్వ దీన్ని మొగుడి తెలివితేటల కింద చెప్పుకుని మురిసేది. చిన్నప్పుడు నేనూ మురిశాను. పెద్దయ్యాక, క్లాసులో భూసంస్కరణల పాఠం చెప్తూ చెప్తూ ఒకరోజు తాత గుర్తొచ్చి పాఠం మధ్యలోనే ఆపేశాను. అప్పటి నుంచి ఆ కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

ఆ ముసలమ్మ మా ఇంటికి కొత్త మనిషేం కాదు. వానలు ముగిసే రోజుల్లో సీతాఫలాలు, ఎండల్లో చీపురు కట్టలు తెచ్చేది. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమెను గంటకు తక్కువ కూర్చోపెట్టుకునేది కాదు. ఇద్దరూ కలిసి ఊళ్లో ప్రతి మనిషి వైద్యమూ, ప్రతి కోడలి కాపురమూ చక్కబెట్టేవాళ్లు. నన్ను ఆరేళ్లప్పుడే "టీచరమ్మా" అని పిలిచింది ఆమే. మేకలను వరసలో నిలబెట్టి తిడుతున్నానంట. నాయనను మాత్రం "చిన్నప్పా" అంటుంది. తాతను పెద్దప్ప అనేది కాబట్టి ఈయన చిన్నప్ప. తాత పోయి ముప్పై ఏళ్లయినా, ఈయన తల ముగ్గుబుట్ట అయినా, ఆమె లెక్కలో ఇంకా చిన్నప్పే.

గురువారం పొద్దున్నే ఇద్దరం మిట్టకు నడిచాం. ఉగాది దాటాక రెండు మంచి వానలు పడ్డాయి. చేను వేసవి దుక్కి దున్ని ఉంది. ఎర్రమన్ను, కాలు పెడితే మడమదాకా దిగే మెత్తదనం. చుట్టూ మిట్టంతా రాళ్లే, పలుగురాళ్లు, గుండ్లు, చిప్పలు. వాటి మధ్య ఈ నాలుగెకరాల్లో మాత్రం కోడిగుడ్డంత రాయి కూడా కనిపించదు. మా నాయన గెనిమ మీద ఆగి, వంగి, గుప్పెడు మన్ను తీసి నలిపి చూశాడు. ఏ చేనికి పోయినా చేసే పనే, పోయింది తగాదాకైనా సరే.

తండా నుంచి ముసలమ్మ, ఆమె కోడలు, నాయక్ వచ్చారు. నాయక్ అంటే తండా పెద్ద. యాభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు లారీ నడిపాడు, ఇప్పుడు తండా నడుపుతున్నాడు. ఇంకో పది మంది వేడుక చూడ్డానికి వచ్చారు. డిప్యూటీ తహసీల్దారు మేడం జీపు దిగింది. కర్ణాటక సరిహద్దున విడపనకల్లు వైపు అమ్మాయి, ముప్పై అయిదు ఉంటాయేమో. మాట్లాడితే మాట చివర కన్నడం తొంగి చూసేది. తుమ్మచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచింది.

"అవ్వా, నీ తావ కాగితం ఏమన్నా ఉండాదా?"

"ఉండాది," అంది ముసలమ్మ. "మోసుకొచ్చేదానికి కాదు. నువ్వే రావల్ల తల్లీ."

చేనుకు ఉత్తరం మూలకు తీసుకుపోయింది. అక్కడ రాళ్ల కుప్ప ఉంది. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కుప్ప అనుకుని వదిలేసినదే. దగ్గరికి పోతే నా ఎత్తుకు ఒకటిన్నర ఉంది. అడుగున మనిషి దొర్లించలేని గుండ్లు, వాటి మీద తలకాయంత రాళ్లు, పైకి పోయేకొద్దీ పిడికెడువి, గుప్పెడువి. అడుగు రాళ్లు పాచిపట్టి నల్లబడ్డాయి. పైవి ఇంకా మన్ను అంటుకుని ఎర్రగా ఉన్నాయి.

నాయక్ చెప్పాడు. ఆ తండాలో చేను రాళ్లు ఏరినవాళ్లది. ఏరిన రాయి కుప్పకే పోవాలి. ఆ కుప్పలోంచి ఇంటి గోడకు కూడా ఒక్క రాయి తీయరు. ఏరేది ఆడవాళ్లే కాబట్టి చేను అత్త నుంచి కోడలికి పోతుంది. కోడలు ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వేసవిలో ఆ చేన్లోంచి ఒక రాయి ఏరి తండా చూస్తుండగా కుప్ప మీద పెడుతుంది. ఆ రోజు నుంచి ఆమె ఆ చేనికి మనిషి. పక్క తండాల్లో ఇలాంటి కట్టుబాటు ఉందో లేదో నాకు తెలియదు. మా ఊరికి అరమైలు దూరంలో ఇది ఇన్నేళ్లుగా నడుస్తున్నా నాకు అంతవరకు తెలియదు. పిల్లలకు ఎక్కడెక్కడి దేశాల చట్టాలో చెప్తాను. సిగ్గేసింది.

మేడం ఓపిగ్గా అంతా విన్నది. విని, పెన్ను మూత పెట్టింది.

"అవ్వా, నేను అబద్ధం అనను. మా రికార్డులో రాళ్ల కుప్పకు గడి ల్యా."

"మీ దాంట్లో గడి లేకుంటే మేం ఏరింది అబద్ధమైపోతాదా తల్లీ?"

మేడం ఫైల్లో మా తాత పేరున్న పేజీ తీసింది. తాత కొడుకుల్లో బతికున్నది మా నాయన ఒక్కడే కాబట్టి, కాగితంలో పేరున్న వంశం వాళ్లు ఏమంటారని ఆయన వైపు తిరిగింది. 

"మా నాయన రాసుకున్న్యాడు. కాగితం ఉండాది. ఆయప్పను దొంగను చేస్తే నేను ఒప్పుకోను."

ముసలమ్మ నోరు తెరవబోతే నాయక్ చెయ్యెత్తి ఆపాడు. "చిన్నప్పా, కుప్పను ఒప్పుకోనోనికి మా తావ ఒక దారుండాది. మీ నాయన రాసుకున్న్యప్పుడు ఈ నేల ఎట్లుండె?"

"ఎట్లుండేదేంది, రాళ్ల మిట్ట."

"అంతే గదా. అట్లే చేసుకొని తీసుకో. ఈ కుప్పలో రాళ్లు ఎత్తి మళ్లా చేన్లో పొయ్యి. పొద్దు గూకేలోపల పోస్తే చేను నీది. పోసేది నువ్వొక్కనివే పొయ్యల్ల. మేం అడ్డం రాం. ఆయమ్మ ఒక్క మాట గూడా అనగూడదు."

నేను కుప్ప వంక చూశాను, నాయన వంక చూశాను. నాకు మండిపోయింది. "ఇదేం కట్టుబాటప్పా, ఒక పొద్దులో ఇదంతా పోసేది ఎవరితో అయితాది?"

"ఎవరితోనూ కాదు," అన్నాడు నాయక్ శాంతంగా. "ఏరింది గూడా ఒక పొద్దులో కాదు గదమ్మా."



మేడం గడియారం చూసుకుంది. ఇంకో రెండు చేలు చూడాలి, ఒంటిగంటకు తిరిగి వస్తాను, ఆలోగా మీలో మీరు తేల్చుకుంటే ఇద్దరి వాంగ్మూలాలు రాసుకుంటాను, తేలకపోతే రికార్డు ప్రకారమే పోతాను అని చెప్పింది. ఒంటిగంట అంటే పొద్దు గూకడం కాదే అని ఎవరో గొణిగారు. "మేడం టైమే మన పొద్దు అనుకుందాం," అని నాయక్ తేల్చేశాడు. చట్టం ఒక మెట్టు దిగితే కట్టుబాటూ ఒక మెట్టు దిగింది.

మా నాయన మొండిదనం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన పెళ్లిలో ఎవరో బావమరిది ఎగతాళిగా "నువ్వు నా కంటే ఎక్కువ ఓళిగలు తినలేవు" అన్నాడంట. ఆ బొబ్బట్ల పందెం గెలిచాడు, మూడు రోజులు పడకేశాడు. అమ్మ ఆ సంగతి చచ్చేదాకా ఎత్తిపొడిచింది. అలాంటి మనిషి "పోస్తా" అనకుండా ఉంటాడా?

"పోస్తా. గంప తెప్పియ్."

"నాయనా, నీకు బీపీ ఉండాది."

"బీపీ నాకు. రాళ్లకు కాదు గదా."

"నేను మాత్రం ఒక్క రాయి ముట్టుకోను."

"నిన్ను ఎవరు అడిగినారు?"

కోడలు గంప తెచ్చి ఇచ్చింది. తన చేను చెడగొట్టే మనిషికి తనే గంప తెచ్చి ఇవ్వడం ఎలా ఉంటుందో ఆ పిల్ల మొహంలో చూశాను. ముసలమ్మ గెనిమ మీద చతికిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒంటిగంటదాకా మాట్లాడకుండా ఉండడం ఆమెకు రాళ్లు మోయడం కంటే కష్టం, నాకు తెలుసు.

నాయన పంచె ఎగగట్టి, తువ్వాలు తలకు చుట్టి, కుప్పలో చేతికందిన రాళ్లు గంపలోకి ఎత్తుకున్నాడు. గంప భుజానికెత్తుకొని చేన్లోకి నడిచాడు. నాలుగు సాళ్లు దాటి ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంకా ముందుకు పోయాడు. పల్లం వైపు చేని చివర, కిందటేటి వానకు గెనిమ తెగి, మన్ను కోసుకుపోయిన కంత ఒకటి ఉంది. నీళ్లు పారిన జాడ ఇంకా పాములా మెలికలు తిరిగి ఉంది. పోయి పోయి అక్కడ గంప దించి, రాళ్లు ఆ కోతలో పోశాడు.

రెండో గంప కూడా అక్కడికే వెళ్లింది. మూడోదీ. నాలుగో గంప దగ్గర ఆయన కూర్చున్నాడు. అలిసిపోయాడేమోనని నీళ్ల బాటిలు పట్టుకుని పరిగెత్తాను. అలుపు కాదు. రాళ్లు సరిగ్గా కూర్చోలేదని మళ్లీ పేరుస్తున్నాడు. పెద్ద రాయి అడ్డంగా పడేసి, దాని సందులో చిప్ప దిగ్గొట్టి, ఊగుతుందేమోనని కదిలించి చూస్తున్నాడు. తనలో తను గొణుక్కుంటున్నాడు.

"ఈడ మన్నంతా కొట్టకపోతాండాది. ఒక్కరన్నా చూసుకోరు. రెండు వానలు పడితే సగం చేను వంకలో ఉంటాది..."

నేను వెనక్కి తిరిగి చూశాను. నాయక్ మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగురుతున్నాయి. ముసలమ్మ కొంగు నోట్లో సగందాకా కుక్కుకుని ఉంది. కోడలు కళ్లు పెద్దవి చేసుకుని నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. మాకందరికీ అర్థమైంది. అర్థం కానిది ఒక్క మా నాయనకే. చేను చెడగొట్టడానికి దిగిన మనిషి చేనుకు రాతికట్ట కడుతున్నాడు.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. చెప్పలేదు. యాభై ఏళ్లకు పైగా వాన కోసం ఎదురుచూసి, వచ్చిన వాన మన్నును ఎత్తుకుపోకుండా అడ్డం పడుకున్నంత పనిచేసిన మనిషి ఆయన. చేతిలో రాయి, కళ్ల ముందు కోసుకుపోయిన గెనిమ ఉంటే ఆ చేతులు ఇంకేం చేస్తాయి? ఆ పూట ఆయన వంగిన వీపు చూస్తూ, రెండు రోజులుగా ఆయన మీద ఉన్న కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

మధ్యలో బాటిలు అందించాను. గటగటా తాగి, "ఎన్ని గంపలైనాయి?" అన్నాడు. తెలియదన్నాను. "లెక్క పెట్టకుండా ఏం చేస్తాండావ్?" అని కసిరి మళ్లీ కుప్ప వైపు నడిచాడు.

ఒంటిగంటకు జీపు వచ్చింది. మేడం చెట్టు నీడకు కూడా పోకుండా నేరుగా చేని దగ్గరికే వచ్చి, "చేన్లో ఎన్ని రాళ్లు పడినాయి?" అని అడిగింది.

నాయక్ చెయ్యి చాపి చూపించాడు. దుక్కి ఎర్రగా, శుభ్రంగా, పొద్దున ఎలా ఉందో అలానే ఉంది. చివర కోత మీద మాత్రం మోకాలెత్తు కట్ట, వరసగా, చిప్పలు దిగ్గొట్టి, మేస్త్రి కట్టినట్టు ఉంది. దాని పక్కన మా నాయన ఆఖరి రాయిని అరచేత్తో చరిచి కూర్చోబెడుతున్నాడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి తలెత్తాడు. మా చూపుల వెంటే తన చూపూ కట్ట మీదికి పోయింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు.

"ఇంగా పొద్దుండాది చిన్నప్పా," అన్నాడు నాయక్. గొంతులో ఎగతాళి లేదు. "కావాలంటే ఇంగో గంట మేడం ఆగుతాది. కుప్ప ఆడే ఉండాది."

నాయన లేచాడు. కుప్ప దగ్గరికి పోయి తలకాయంత రాయి ఒకటి ఎత్తుకున్నాడు. ఈసారి కళ్లు తెరుచుకునే చేని నడిమధ్యకు పోయి నిలబడ్డాడు. రాయి కడుపుకు ఆనించుకుని ఉన్నాడు. ఎంతసేపో నేను చెప్పలేను.  తర్వాత అదే రాయితో వెనక్కి నడిచి వచ్చి, ఉత్తరం మూలన కుప్ప మీద పెట్టాడు. తీసిన చోటే పెట్టాడు.

"ల్యా," అన్నాడు. "నాతో కాదు."

తుమ్మచెట్టు కిందికి వచ్చి మేడం ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. చేతులు మన్ను, వేళ్ల మీద గీతలు. "రాసుకో తల్లీ," అన్నాడు. ఆమె పెన్ను మూత తీసింది.

"మా నాయన కాగితం తప్పనను. ఆయప్ప రాసుకున్న్యది రాళ్ల మిట్టను. అది కాగితంలో ఉండాది. ఈడుండేది చేను. చేను ఆయప్ప చూడనే ల్యా, ఒక్క రాయి ఎత్తనే ల్యా. ఇది ఈ అవ్వోళ్లు ఏరి తీసింది. ఈయమ్మది, కోడలిది. మాకు అభ్యంతరం ల్యా."

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్పే నాకు ఇంత సూటిగా చెప్పడం రాదు. తాతను నేను దొంగ అన్నాను, ఇప్పటికీ అంటాను. నాయన మాత్రం తన తండ్రిని దొంగను చేయకుండానే ఆయన తీసుకున్నదాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఈ దారి నాకెందుకు తట్టలేదని ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను.

మేడం ఒక్కో మాటా రాసుకుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి, ఫైలు పేజీలు అటూ ఇటూ తిప్పింది. చివరికి రిమార్కుల గడిలో చిన్న అక్షరాలతో ఏదో రాయడం మొదలుపెట్టింది. నేను ఆగలేక తొంగి చూశాను. 'తండా కట్టుబాటు ప్రకారం ఉత్తరం మూల రాళ్ల కుప్ప వీరి అనుభవానికి రుజువు' అని ఉంది. తర్వాత జీపులో తనతో వచ్చిన కుర్ర సర్వేయరును పిలిచి, యంత్రం బిగించిన కర్రను కుప్ప మీద నిలబెట్టించి, ఆ చోటును హద్దు గుర్తుగా నక్షాలో ఎక్కించింది. ముసలమ్మ అటూ ఇటూ తిరుగుతూ, కర్ర గుచ్చుకుని రాళ్లు కదులుతాయేమోనని ఆ పిల్లవాణ్ని పదిసార్లు హెచ్చరించింది. ఆమెకు మాట తిరిగి వచ్చేసింది.

"ఇంగొకటి," అంది మేడం మా నాయనతో. "నీకూ ఈ నేలకూ సంబంధం ఏమని రాయల్ల? పట్టాదారు వారసుడనా?"

నాయన తన చేతులు చూసుకున్నాడు. "కూలోడని రాసుకో తల్లీ. ఒక పూట రాళ్లు మోసినా. అంతే నాకుండేది."

మేడం అలా రాయడం కుదరదని నవ్వుతూ చెప్పింది గానీ ఆమె కళ్లు నవ్వలేదు. వారసుడనే రాసి సంతకం పెట్టించుకుంది. ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నది ముసలమ్మ ఒక్కతే. వచ్చి మా నాయన ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కూలోనివైతే మద్యాన్నం కూడు నా తావే గదా చిన్నప్పా. పనికి పిలిచినోళ్లే పెట్టల్ల. లెయ్."

నేను మా నాయన మొహం వంక చూశాను. మా తాత గానీ, మా పెదనాయనలు గానీ, మా నాయన గానీ ఆ తండాలో చెంబెడు నీళ్లు తాగింది లేదు. సీతాఫలాలు మా వాకిట్లోకి వచ్చేవి, చీపుర్లు వచ్చేవి, ఆ మనుషులూ వచ్చి అరుగు కింద కూర్చునేవాళ్లు. మేం మాత్రం అటు పోయింది లేదు. ఎందుకు పోలేదో అడగాలని నాకు కూడా యాభై ఏళ్లు తట్టలేదు. తిట్టడానికి అంత నోరున్న నాకు కూడా.

 నాయన మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒక మూలుగుతో లేచి, ఆమె వెనకాల నడిచాడు. నేను ఆయన వెనకాల నడిచాను.

వాళ్ల ఇంటి ముందు చాప వేశారు. కోడలు చెంబుతో నీళ్లు పోస్తే చేతులు కడుక్కున్నాడు. పళ్లెంలో రాగిసంగటి ముద్ద, పక్కన వేరుశనగలు నూరిన ఊరిబిండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా వాకిట్లో ఎవరూ కదల్లేదు. ఆయన నమిలాడు, మింగాడు, ఇంకో ముద్ద చేసుకున్నాడు. పొద్దున్నుంచి మోసిన ఆకలి, గబగబా తింటున్నాడు. పళ్లెంలో ఊరిబిండి అయిపోయింది.

ఇన్నేళ్లూ ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు, ఏమే అన్నాడు, ఓయమ్మా అన్నాడు. వరస పెట్టి పిలవడం నేను ఒక్కసారీ వినలేదు. తల పైకెత్తకుండానే పళ్లెం ఆమె వైపు జరిపి,

"ఇంగ రోంత ఎయ్యక్కా," అన్నాడు.